అచ్చు ఆపని భూదేవి

పేరు పెట్టినవాళ్లకు ముందుచూపు లేదనుకోవాలి. ఓర్పులో భూదేవిని మించినవాళ్లు లేరని లోకం అంటుంది. మన భూదేవికి ఆ ఓర్పు ఆవగింజంతైనా దక్కలేదు. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌కు పోయే సందుల్లో ఎవరైనా ఎవరినైనా ఏడిపిస్తే ఆ సంగతి పోలీసులకు ఆలస్యంగా తెలియవచ్చు గానీ భూదేవికి ఆలస్యంగా తెలియదు. తెలిశాక ఆమె అరవదు, శాపనార్థాలు పెట్టదు. ఒక లినో ముక్క ముందేసుకుని, ఉలి పట్టుకుని కూర్చుంటుంది. వారం తిరిగేలోగా ఆ ఏడిపించినవాడు నల్లని సిరాలో, తెల్లని కాగితం మీద, ఆమె దుకాణం అద్దం వెనక క్లిప్పులకు వేలాడుతుంటాడు.

లినో అంటే వెనకటి రోజుల్లో ఆఫీసుల్లో నేల మీద పరిచేవాళ్లే, ఆ మందపాటి గోధుమరంగు పట్టా. దాన్ని ఉలితో చెక్కాలి. చెక్కగా మిగిలిన ఎత్తు మీద రోలరుతో సిరా పూసి, కాగితం వేసి ఒత్తితే బొమ్మ పడుతుంది. చెక్కిన చోట తెలుపు, చెక్కని చోట నలుపు. విద్య మొత్తం ఇంతే. ఈ ఇంతే అన్నది చేతికి రావడానికి భూదేవికి వయసులో సగం పోయింది.

దుకాణం చిన్నది. ముందు జిరాక్స్ మిషను, పక్కన లామినేషన్ మిషను. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు హాల్ టికెట్ల కోసం, సర్టిఫికెట్ల కోసం అక్కడ ఎప్పుడూ మూగి ఉంటారు. అశోక్‌నగర్‌లో అన్నం దొరకని వేళ ఉంటుందేమో గానీ జిరాక్స్ అక్కరలేని వేళ ఉండదు. వెనక గోడకు ఆనుకుని పాత చేతి ప్రెస్సు. వీధి వైపు నిలువెత్తు గాజు అద్దం. జిరాక్స్ ఆమెకు కూడు పెడుతుంది, అద్దం ఆమెకు నోరిచ్చింది. ఆ అద్దం కోసమే ఇప్పుడు చెప్పబోయే రభసంతా.

భూదేవి తండ్రి బీరయ్య మక్తల్ దగ్గరి పల్లె నుంచి మూటాముల్లె నెత్తిన పెట్టుకుని వచ్చిన పాలమూరు కూలి. ముషీరాబాద్ బస్తీలో రేకుల గది. ఇప్పుడు అశోక్‌నగర్‌లోనూ గాంధీనగర్‌లోనూ లిఫ్టులతో మెరిసే అపార్టుమెంట్లు ఎన్నింటికో ఆయన ఇటుక మోశాడు. గృహప్రవేశం అయిన మర్నాటి నుంచి వాటి గేటు దాటనివ్వరు. దానికి బీరయ్యకు కోపం రాలేదు. ఆయన వంతు కూడా కలిపి కూతురికి వచ్చింది.

పదో తరగతి గట్టెక్కాక చిక్కడపల్లి మెయిన్ రోడ్డు పక్కన శుభలేఖలు అచ్చువేసే రాజేశం దగ్గర ఆమెను పనిలో పెట్టాడు. రాజేశం సిరిసిల్ల మనిషి. అందరూ సేటు అనేవాళ్లు గానీ సేటుతనం ఆయన ఒంట్లో ఏ మూలా లేదు. ఆడపిల్లలు కార్డులు మడవాలి, కవర్లలో దూర్చాలి, నాలుగు మూలలా పసుపు అద్దాలి. బొమ్మల బ్లాకులు మాత్రం సేటే చెక్కేవాడు. పూర్ణకుంభం, అరటిచెట్టు, సన్నాయి, అన్నింటికీ పైన వినాయకుడు. భూదేవి పసుపు అద్దుతూ ఆయన చేతినే చూసేది.

ఒకసారి సేటు జ్వరంతో మంచాన పడ్డాడు. పెళ్లివాళ్లు తొందరపడుతున్నారు. భూదేవి తెగించి వినాయకుడిని తానే చెక్కింది. ఎంత ముచ్చటగా చెక్కిందంటే మిషను నడిపేవాడు కూడా మెచ్చుకున్నాడు. తీరా కార్డులన్నీ అచ్చయ్యాక పెళ్లికూతురి నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి కెవ్వుమంది. తొండం కుడివైపు తిరిగి ఉంది. కుడి తొండం వినాయకుడికి మడీ నియమమూ ఎక్కువ, పూజలో లోటొస్తే కీడు. అలాంటి దేవుడిని ఎవరైనా ఇంటింటికీ పంచిపెడతారా అని ఆమె గోల. జరిగింది ఏమిటంటే, చూసిన బొమ్మను చూసినట్టే చెక్కింది భూదేవి. ఒత్తితే అది ఎడమ కుడై పడుతుందన్న ఎరుక లేదు. కార్డుల కట్టలన్నీ చిత్తుకాగితాల బండి ఎక్కాయి.

మానేయమంటాడని ఎదురుచూసింది. సేటు లేచి కూర్చుని గోడకున్న చేతి అద్దం తీసి ఆమెకిచ్చాడు.

"బిడ్డా, ఏది చెక్కినా ముందుగాల గీ అద్దంల చూడు. మనకు కనవడ్డట్టు చెక్కితే కాగితం మీద ఉల్టా పడ్తది. గది నీ తప్పు కాదు, నేను చెప్పకపోవుడు తప్పు. గని తొండం మస్తు చెక్కినవ్."

ఆ రోజు నుంచి పసుపు పని వేరేవాళ్లకు పోయింది. ఉలి భూదేవి చేతికి వచ్చింది.

సేటు దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉండేది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం దొరికింది. రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలు అందులో ఉన్నాయి. వేసినవాడి పేరు భూదేవికి నోరు తిరగలేదు. లండన్ మామ అని పెట్టుకుంది. మామ తక్కువవాడు కాదు. యువరాజు పొట్టకు గుండీలు తెగిపోతున్నట్టు గీశాడు. మంత్రులను ఎండుచేపల్లా గీశాడు. నడుము సన్నగా కనిపించాలని తాళ్లు బిగించుకుని ఊపిరాడక గుడ్లు తేలేసిన దొరసానులను గీశాడు. పక్కదేశం చక్రవర్తిని టోపీకంటే పొట్టిగా గీశాడు. అచ్చయిన బొమ్మలకు ఆడవాళ్లు వరసగా కూర్చుని చేత్తో రంగులు అద్దేవాళ్లట. అది విని భూదేవికి ప్రాణం లేచొచ్చింది. ఎక్కడి లండన్, ఎక్కడి చిక్కడపల్లి, ఇద్దరి దగ్గరా అద్దే పని మాత్రం ఆడవాళ్లదే.

అన్నిటికంటే ఆమె చూపు ఒక బొమ్మ మీద ఆగిపోయేది. అచ్చుబొమ్మలు అమ్మే దుకాణం, దాని కిటికీ గాజుపలకల నిండా బొమ్మలు, ముందు వీధిలో జనం. కొనే స్తోమత లేనివాళ్లు కూడా నిలబడి, చూసి, నవ్వుకుని పోతున్నారు. సేటు ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివి చెప్పేవాడు. ఆ యువరాజు రాజయ్యాక కొందరికి పైసలిచ్చి తన బొమ్మలు వేయవద్దని మాట తీసుకున్నాడట.

"రాజు కొనగలిగిండు బిడ్డా," అనేవాడు సేటు, "గని నవ్వుడు ఆపలేకపోయిండు."

తర్వాత పెళ్లికార్డులు ఫోన్లలోకి పోయాయి. నారాయణగూడలో సందుకో ఫ్లెక్సీ మిషను వచ్చింది. రాజేశం సేటు దుకాణం మూసి, చేతి ప్రెస్సునూ పుస్తకాన్నీ భూదేవికి ఇచ్చి, ఆ ఏడే కన్నుమూశాడు. భూదేవి ఏడ్చింది, ఏడ్చి ఊరుకోలేదు. భర్త నగేష్ ఆటోలో ఎక్కి దుకాణం వెతకడానికి బయలుదేరింది. నారాయణగూడ, విద్యానగర్, గాంధీనగర్ అన్నీ తిరిగింది. ప్రతిచోటా ఇనుప షట్టర్లే. అశోక్‌నగర్ సందులో బట్టల దుకాణం ఒకటి ఖాళీ అయింది. చీరలు కట్టిన బొమ్మలను నిలబెట్టే గాజు అద్దం దానికుంది. భూదేవి లోపలికి కూడా పోకుండా, అద్దం ముందు నిలబడే ఒప్పేసుకుంది.

అప్పటి నుంచి ఆమె బొమ్మలకు ఆ వీధే సంత. మొదటి బొమ్మలో ఒకే రోడ్డును నలుగురు తవ్వుతుంటారు. ఒకడు నీళ్ల కోసం, ఒకడు కరెంటు కోసం, ఒకడు మురుగు కాలువ కోసం, నాలుగోవాడు మిగతా ముగ్గురూ తవ్వుతున్నారు గదా అని. దాన్ని చూసి ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా నవ్వాడు. రెండోది నోటిఫికేషన్ కోసం చూసే పిల్లలది. కరెంటు తీగ మీద పిచ్చుకల్లా వరసగా కూర్చుని ఉంటారు. ఇటు చివర మీసం రాని పిల్లగాడు, అటు చివర నెరిసిన గడ్డం. ఈ బొమ్మను చూసి పిల్లలు నవ్వి, కొంచెం దూరం పోయి, నవ్వడం మానేసేవాళ్లు. ఇంకొకదానిలో కోచింగ్ సారు పిల్లవాడి చెవిలో గరాటు పెట్టి నోట్సు పోస్తుంటాడు, రెండో చెవి కింద చిన్నసారు బిందె పట్టుకుని ఉంటాడు. ఆ బిందె మళ్లీ వచ్చే బ్యాచికి. ఇది వేసినందుకు ఎవరో అద్దం మీద పేడ కొట్టారు. భూదేవి నీళ్లు పోసి కడిగి, ఆ పేడ కొట్టినవాడి బొమ్మ కూడా వేసింది.

ఆమెకు ఒక పద్ధతి ఉంది, రాజేశం సేటు నేర్పిందే. ఒక బొమ్మ ఇన్ని కాపీలే అని కొన్నవాళ్లకు చెబుతుంది. అన్నీ అయిపోయాక బ్లాకు మీద ఉలితో అడ్డంగా ఒక గీత కోసేస్తుంది. దాన్ని కొట్టేయడం అంటారు. కొట్టేసిన బ్లాకుకు సిరా పూసి చివరిగా ఒక్క అచ్చు తీస్తుంది. గీత పడిన ఆ అచ్చును సేటు సాక్షి అనేవాడు. ఇక దొంగచాటుగా అచ్చులు వేయబోమని కొన్నవాళ్లకు అది రుజువు. దాని కింద చెక్కినవాళ్ల పేరు, కొట్టేసినవాళ్ల పేరు రాసి దుకాణంలో పెట్టాలి. ఎప్పుడూ రెండుచోట్లా భూదేవి పేరే ఉండేది.

ఇక స్నేహలత సంగతి. జగిత్యాల దగ్గరి పల్లెటూరి పిల్ల, గ్రూప్ టూకు చదువుతోంది. రోజూ ఏదో ఒక జిరాక్స్‌కు వచ్చి రెండు మాటలు చెప్పి పోయేది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం చెమటతో ముద్దయి వచ్చింది.

"ఫ్యాన్ లేదానే రూంల," అంది భూదేవి.

"ఫ్యానున్నది. కిటికే సగమున్నదక్కా."

"కిటికీ సగముండుడేంది."

"వచ్చి చూడరాదు. చెప్తే నమ్మవ్."

భూదేవి జిరాక్స్ కాగితాలు ఇవ్వడానికన్నట్టు హాస్టల్‌కు పోయి చూసింది. ఒక గదిని ప్లైవుడ్‌తో రెండు చేశారు. ఆ ప్లైవుడ్ వచ్చి సరిగ్గా కిటికీ నడిమధ్యకు ఆనింది. ఒక రెక్క ఇవతల గదికి, ఒక రెక్క అవతల గదికి. రెండు గదులకూ కిటికీ ఉందని బయట బోర్డు మీద రాసి, కిటికీ ఉన్న గది కిరాయే ఇద్దరి దగ్గరా తీసుకుంటున్నారు. ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క ఫ్యాను అవతలి గదిలో తిరుగుతుంటే గాలి ప్లైవుడ్ పైనుంచి ఇవతలికి రావాలి. ఒకరికి నిద్ర వస్తే రెండోవాళ్లు లైటు ఆర్పాలి. ఇదంతా స్నేహలత నవ్వుతూనే చెప్పింది. భూదేవికి నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. మనిషి వాడుకునే గాలిని కూడా బద్దలు చేసి అమ్ముకునేవాడిని ఏమనాలి?

బొమ్మ దానంతటదే వచ్చింది. ఒక మనిషి రంపంతో కిటికీని నిలువునా కోస్తుంటాడు. రంపపు పొట్టు రాలి అతని జేబులో పడుతుంటుంది. కిటికీకి అటొక పిల్ల, ఇటొక పిల్ల, చెరొక సగం పుస్తకం పట్టుకుని ఉంటారు. మనిషికి మొహం గీయలేదు. వెనక నుంచి వెడల్పాటి వీపు, మెడ మీద మడత, భుజం మీద తువ్వాల. పేరూ రాయలేదు. బొమ్మ కింద "కిటికీ కోసేవాడు" అని మాత్రం ఉంది.

హాస్టల్ యజమాని జైపాల్. అశోక్‌నగర్‌లో అలాంటి హాస్టళ్లు మరికొన్ని ఉన్నాయతనికి. కార్పొరేటర్‌గా నిలబడాలని కూడా ఉంది. నారాయణగూడ చౌరస్తా నుంచి ఇటు ప్రతి స్తంభం మీదా అతని మొహం చేతులు జోడించి నవ్వుతుంటుంది. అంత మొహాన్ని ఊరికి చూపించుకున్నవాడికి కాగితమంత వీపు కనిపించేసరికి నిద్ర పట్టలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తువ్వాల సర్దుకుంటూ దుకాణానికి వచ్చాడు.

"ఏందక్కా, గీ బొమ్మ నాదేనా."

"నీదని నేనన్ననా సార్. నువ్వే అంటున్నవ్."

జిరాక్స్ వరసలో నిలబడిన పిల్లలు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. జైపాల్ కూడా నవ్వబోయాడు, కుదరలేదు. పైసలు పడేసి ఉన్న కాపీలన్నీ ఇవ్వమన్నాడు. భూదేవి చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు కూడా వేసి ఇచ్చింది. అతను అక్కడే గుమ్మంలో నిలబడి అన్నిటినీ పర్రున చింపి పోశాడు. భూదేవి చీపురు తెచ్చి ఊడ్చింది. మర్నాడు పొద్దున అద్దంలో కిటికీ కోసేవాడు మళ్లీ కిటికీ కోస్తున్నాడు.

అప్పుడు అర్థమైంది జైపాల్‌కు, కాగితాలు చింపితే లాభం లేదని, వాటిని కనే తల్లి వేరే ఉందని. తొందరపడలేదు. దుకాణం ఉన్న బిల్డింగు ఓనరుకు అమ్మే ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. ఆ బిల్డింగును జైపాల్ కొనేశాడు. ఈసారి కొత్త అగ్రిమెంటు పట్టుకుని వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"జర ఠండాగా విను అక్కా. కిరాయి పెంచ. ఎన్ని దినాలుంటవో ఉండు. ఎవల బొమ్మలేస్తవో ఏసుకో. గా చెక్కిన ముక్క ఒక్కటి నా ముందర ఖతం చెయ్. లేకుంటే ఆదివారం తాళంచెవులు నాకియ్యి."

ఇంట్లో నగేష్ అన్నం ముందు కూర్చుని నచ్చజెప్పాడు. అతను పిరికివాడు కాడు, రోజంతా రోడ్డు మీద బతికేవాడు.

"ఒక్క బొమ్మ కోసం అద్దం పోగొట్టుకుంటవా. అద్దం పోతే నీ బొమ్మలు ఎవడు చూస్తడు చెప్పు. ఎట్లయినా కొట్టేసే యాళ్లయింది కదా దానికి."

అది నిజం. చెప్పిన కాపీలు దాదాపు అయిపోయాయి. ఇంకో వారానికి ఆమే కొట్టేసేది. కానీ తాను ముగించడం వేరు, ఒకడు కుర్చీలో కూర్చుని ముగించమంటే ముగించడం వేరు. స్నేహలత కూడా వచ్చి, నా మాట విని ఇంత తెచ్చుకున్నావు, తీసేయక్కా, ఇంకో నెలైతే నా పరీక్ష అయిపోతుంది అంది. భూదేవికి సిగ్గనిపించింది. ఈ పిల్ల పోయాక ఆ సగం కిటికీ కిందికి ఇంకో పిల్ల వస్తుంది. అయినా అద్దం వదులుకోవడానికి చేతులు రాలేదు. నెత్తిన ఇటుకలు మోసినవాడి బిడ్డకు ఈ ఊళ్లో దక్కిన వీధి మొహం అదొక్కటే. ఏమీ తోచక, చివరికి కొట్టేయడానికే ఒప్పుకుంది.

ఆదివారం పొద్దున జైపాల్ వచ్చాడు. సెలవు గనుక హాస్టల్ పిల్లలు కూడా పోగయ్యారు. భూదేవి బ్లాకును బల్ల మీద పెట్టింది. పద్ధతి ప్రకారం ఉలి తీసుకుని మూల నుంచి మూలకు ఒక గీత కోయబోయింది. చెయ్యి వణికి గీత కింది మూల దగ్గరే సన్నగా తెగి ఆగిపోయింది.

"గింతేనా," అన్నాడు జైపాల్. "గిది ఖతం చేసుడా. గోరుతోని గీకినట్టున్నది."

"మా పనిల గింతే సార్. ఒక్క గీత చాలు."

"నాకు చాలదు. ఇటియ్యి."

ఉలి లాక్కున్నాడు. తువ్వాల పక్కన పడేసి, మోకాలు బల్లకు ఆనించి, బలమంతా పెట్టి కోయడం మొదలుపెట్టాడు. ఆడపిల్లల జోలికి పోలేదు, వాళ్లతో అతనికి పని లేదు. తన వీపునే పట్టుకున్నాడు. వీపు మీద, మెడ మీద, రంపం పట్టిన చేతి మీద, కిటికీ మీద నిలువునా లోతుగా చారలు దించాడు. లినో ముక్కలు పెచ్చులు పెచ్చులుగా లేచి నేల మీద పడ్డాయి. భూదేవి అతని చేతినే చూస్తోంది. ఉలి దిగిన ప్రతిచోటా తెలుపు పడుతుందని అక్కడ ఆమెకు ఒక్కదానికే గుర్తుంది.

జైపాల్ చెమట తుడుచుకుని ఉలి బల్ల మీద విసిరాడు. "ఇప్పుడైంది," అన్నాడు.

"ఇంకొక్కటున్నది సార్. కొట్టేసినంక ఒక్క అచ్చు తియ్యాలె. ఇగ ఏస్తలేమని సాక్షి. మా పద్ధతి."

"ఏం మిగిలిందని తీస్తవ్. తీసుకో."

భూదేవి రోలరుకు సిరా పూసింది. బ్లాకు మీద అటూ ఇటూ నడిపింది. కాగితం వేసి, ప్రెస్సు చక్రం తిప్పి, మూల పట్టుకుని మెల్లగా లేపింది. ఎడమ కుడైంది, కుడి ఎడమైంది, గీతలన్నీ తెల్లగా తేలాయి. కిటికీ కోసేవాడి మీద పైనుంచి కిందికి తెల్లటి ఊచలు దిగి ఉన్నాయి. రంపం మధ్యలో తెగిపోయింది. ఊచలకు బయట ఇద్దరు పిల్లలు, ఒక్క గాటు లేకుండా, చెరొక సగం పుస్తకం పట్టుకుని ఉన్నారు. భూదేవి చెక్కినప్పుడు కిటికీలు కోసుకునేవాడిలా ఉన్న మనిషి ఇప్పుడు జైల్లో నిలబడినవాడిలా ఉన్నాడు. ఆ జైలు కట్టింది జైపాలే.

ముందుగా స్నేహలత నవ్వింది, ఈసారి నోటికి ఏమీ అడ్డం పెట్టుకోకుండా. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. భూదేవి పెన్సిలు తీసుకుని బొమ్మ కింద రాసింది. చెక్కింది భూదేవి. కొట్టేసింది జైపాల్.

"నా పేరెందుకు," అన్నాడు జైపాల్.

"ఎవలు కొట్టేస్తే వాళ్ల పేరే రాయాలె. ఇన్ని దినాలు నీ పేరు నేను ఏడన్న రాసిన్నా సార్. ఇయ్యాళ నువ్వు పని చేసినవ్, అందుకు రాసిన."

"చింపెయ్ దాన్ని. ఎంతకిస్తవో చెప్పు, కొంట."

"బొమ్మలమ్ముత. సాక్షిని అమ్మ."

జైపాల్ లేచాడు. పిల్లల వంక చూడకుండా, అద్దం వంక వేలు చూపించి చెప్పాడు. "గది అండ్ల పెట్టినవంటే సామానంతా రోడ్డు మీదుంటది. తీసేసినవంటే దుకాణం నీదే. ఆలోచించుకో."

నగేష్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వద్దని తల ఊపుతాడేమోనని భూదేవి అతని వైపు చూసింది. అతను ఆటో తాళాలు జేబులోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. అది చాలనిపించింది ఆమెకు. నడిచి పోయి, అద్దం నడిమధ్య ఉన్న క్లిప్పుకు సాక్షిని తగిలించింది. ఇంకా తడిగా ఉన్న సిరా ఎండకు నిగనిగలాడింది.

జైపాల్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ విషయంలో అతన్ని తప్పు పట్టలేం. సాయంత్రానికి జిరాక్స్ మిషను, రోలర్లు, సిరా డబ్బాలు అన్నీ సందులో ఉన్నాయి. హాస్టల్ పిల్లలు తలా ఒక చెయ్యి వేసి చేతి ప్రెస్సును ట్రాలీ ఆటోకు ఎక్కించారు. భూదేవి చివరిగా బయటికి వస్తూ అద్దాన్ని తడిగుడ్డతో తుడిచింది. తుడుస్తుంటే ఏడుపు వచ్చింది. వచ్చిన ఏడుపును దాచుకోలేదు, అందరి ముందే ఏడ్చింది.

చిక్కడపల్లిలో మార్కెట్ వెనక ఒక షట్టరు దొరికింది. అద్దం లేదు, వీధి వైపు ఇనుమే. షట్టరు ఎత్తి, రెండు కొక్కేల మధ్య నైలాన్ తాడు కట్టారు. బొమ్మలు ఇప్పుడు బయటే, దుమ్ములో, గాలికి ఊగుతూ ఉండాలి. వానొస్తే లోపలికి లాక్కోవాలి. కూరగాయలకు వచ్చినవాళ్లు సంచులు పట్టుకుని అప్పుడే ఆగి చూస్తున్నారు. స్నేహలత అశోక్‌నగర్ నుంచి నడిచి వచ్చింది.

"ఆ దినం భయం కాలేదా అక్కా."

భూదేవి సాక్షిని చేతిలోకి తీసుకుని, కింది మూల దగ్గర వెంట్రుకంత గీతను వేలితో చూపించింది.

"గిది నేను కోసింది. చూడు, చెయ్యెట్ల వణికిందో. గివన్నీ ఆయనవి. భయపడ్డది నేను, గని ఖరాబు చేసుకున్నది ఆయన." ఒక్క క్షణం ఆగింది. "భయమైతే అయితది. పని ఆగొద్దు."

బొమ్మను తాడుకు తగిలించి, జనం వైపు తిప్పింది.